చెత్త గుట్టలోని మీథేన్‌తో కరెంటు: ఒక చిన్న పట్టణానికి అది లాభిస్తుందా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా చెబుతాను. మీది గోదావరి జిల్లాల వైపు ఒక మున్సిపాలిటీ. రోజుకు సుమారు 120 టన్నుల చెత్త వస్తోంది. ఇరవై ఏళ్లుగా అదంతా ఒకే డంపింగ్ యార్డులో పోస్తున్నారు, గుట్ట ఎత్తు ఇప్పుడు 12 మీటర్ల దాకా ఉంది, దానికి 200 మీటర్ల దూరంలో ఒక కాలనీ వెలిసింది. ఒక సంస్థ వచ్చి గుట్టలో బోర్లు వేసి మీథేన్ తోడి 1 మెగావాట్ కరెంటు తీస్తామని, స్థలం ఇస్తే చాలని కౌన్సిల్‌కు ప్రతిపాదన పెట్టింది. ఇది నిజంగా సాధ్యమేనా, దీనివల్ల కాలుష్యం తగ్గుతుందా, ఒప్పుకునే ముందు ఏమి అడగాలి అన్నవి మీ సందేహాలు.

సూటిగా చెబితే, మీ గుట్ట నుంచి 1 మెగావాట్ రాదు. అన్నీ కలిసివస్తే 200 కిలోవాట్ల దగ్గర మొదలై ఏటేటా తగ్గుతూ పోతుంది. మీథేన్‌ను గాలిలోకి పోనివ్వకుండా ఆపడం మాత్రం తప్పకుండా చేయవలసిన పని, కానీ మీ పరిమాణానికి దానికి తగిన దారి ఇంజిన్ కాదు. కొత్తగా వచ్చే తడి చెత్తను గుట్ట మీదికి వెళ్లకుండా ఆపి మూసిన ట్యాంకుల్లో కుళ్ళబెట్టడం, పాత గుట్టను బయోమైనింగ్ చేయడం (అంటే తవ్వి, జల్లెడ పట్టి తొలగించడం), అది పూర్తయ్యేదాకా కాలనీ వైపు గ్యాసు పాకకుండా చూసుకోవడం, ఈ మూడూ మీకు పనికొస్తాయి. ఇరవై రెండేళ్లుగా ఘన వ్యర్థాల పనిలో ఉన్నాను, అందులో తొమ్మిదేళ్లు గ్యాసు బావుల మీదే గడిపాను. ఈ పద్ధతి మీద నాకు వ్యతిరేకత లేదు. సరైన చోట ఇది చాలా మంచి పద్ధతి, అయితే సరైన చోట్లు మన దగ్గర తక్కువ.

ముందు గ్యాసు ఎలా పుడుతుందో చూద్దాం. మన పల్లెల్లో గోబర్ గ్యాసు ట్యాంకు ఎలా పనిచేస్తుందో గుట్ట లోపలి భాగమూ అలాగే పనిచేస్తుంది. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, ఆకులు, కాగితం వంటివి ప్రాణవాయువు అందని చోట చేరినప్పుడు సూక్ష్మజీవులు వాటిని విరగ్గొట్టి, దాదాపు సగం మీథేన్, మిగిలిన సగంలో అధిక భాగం కార్బన్ డయాక్సైడ్ ఉన్న వాయువును విడుదల చేస్తాయి. తేడా ఏమిటంటే గోబర్ గ్యాసు ట్యాంకుకు అడుగూ మూతా ఉంటాయి. చెత్త గుట్టకు ఆ రెండూ ఉండవు కనుక పుట్టిన వాయువు ఏ దారి దొరికితే ఆ దారిన పోతుంది. పై పొరల్లో గాలి తగిలి కుళ్ళినదీ, వేసవిలో మంటలకు కాలిపోయినదీ అసలు మీథేన్‌గా మారనే మారదు.

ఇప్పుడు మీ గుట్ట లెక్క వేద్దాం. రోజుకు 120 టన్నులంటే ఏడాదికి 43,800 టన్నులు. మన పట్టణాల చెత్తలో కుళ్ళే స్వభావమున్న కార్బన్‌ను బరువులో 11 శాతంగా తీసుకోవడం వాడుకలో ఉంది. అందులో సగమే నిజంగా కుళ్ళుతుంది, కుళ్ళినదానిలో సగం మీథేన్ అవుతుంది. శాస్త్రీయంగా కప్పకుండా పోసిన, అయిదు మీటర్లకన్నా లోతైన గుట్ట కాబట్టి, వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ పద్ధతి ప్రకారం మరో 20 శాతం తగ్గించాలి. ఇవన్నీ కలిపితే ఒక టన్ను చెత్త తన జీవితకాలం మొత్తం మీద ఇచ్చే మీథేన్ 40 ఘనపు మీటర్ల చుట్టూ తేలుతుంది. ఇరవై ఏళ్లూ ఇదే పరిమాణంలో చెత్త పడిందని, మంటలేవీ పెద్దగా రాలేదని ఉదారంగా అనుకున్నా మీ గుట్టలో గంటకు పుట్టే మీథేన్ సుమారు 200 ఘనపు మీటర్లు మాత్రమే.

ఒక ఘనపు మీటరు మీథేన్‌లో దాదాపు 10 యూనిట్ల వేడి ఉంటుంది. మంచి గ్యాసు ఇంజిన్ అందులో 35 నుంచి 40 శాతాన్ని కరెంటుగా మారుస్తుంది, అంటే సుమారు 3.5 యూనిట్లు. ఈ లెక్కన 1 మెగావాట్ ఇంజిన్ నిండుగా నడవాలంటే గంటకు 285 ఘనపు మీటర్ల మీథేన్ అందాలి. అది మీ గుట్ట మొత్తం పుట్టించే మీథేన్‌కన్నా ఎక్కువ. ఒక్క బుడగ కూడా బయటికి పోకుండా పట్టినా చాలదన్నమాట. వాస్తవంలో కప్పులేని గుట్ట నుంచి 30 శాతం పట్టగలిగితే ఆ బృందాన్ని మెచ్చుకోవాలి. అప్పుడు చేతికి వచ్చేది గంటకు 60 ఘనపు మీటర్లు, కరెంటు 210 కిలోవాట్లు.

అది కూడా మొదటి ఏడాది మాటే. ఆహార వ్యర్థాలు మన వాతావరణంలో త్వరగా కుళ్ళిపోతాయి. ఐపీసీసీ సూచించే విలువల ప్రకారం ఏడాదికి 1000 మిల్లీమీటర్లకు మించి వాన పడే ఉష్ణ ప్రాంతాల్లో ఆహార వ్యర్థాల అర్ధాయువు, అంటే సగం కుళ్ళడానికి పట్టే కాలం, రెండేళ్ల లోపే. అనంతపురం లాంటి వానలు తక్కువ పడే చోట అది ఎనిమిదేళ్ల దాకా సాగవచ్చు కానీ, మీ వైపు వర్షపాతం ఆ గీతకు పైనే ఉంటుంది. కాగితం, కొమ్మల వంటివి నెమ్మదిగా ఇస్తూనే ఉంటాయి, కాకపోతే మన చెత్తలో వాటి వాటా తక్కువ. కాబట్టి కొత్త చెత్త పోయడం ఆపిన మూడు నాలుగేళ్లకే గ్యాసు సగానికి పడిపోతుందని అనుకోవాలి. పదిహేనేళ్ల ఒప్పందం రాసుకునే ఇంజిన్‌కు మూడేళ్ల ఇంధనం ఉన్నట్టు. చలి దేశాల అనుభవంతో తయారైన నమూనాలను ఇక్కడి గుట్టలకు తగిలించినప్పుడు మొదట దెబ్బతినేది ఈ కాలం లెక్కే. ప్రతిపాదనలో గ్యాసు పదిహేనేళ్లు నిలకడగా వస్తున్నట్టు గ్రాఫు గీసి ఉంటే అది మీ గుట్టను చూసి గీసింది కాదు.

మరి కాలుష్యం సంగతి? ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. కరెంటు తీయడం వల్ల కాలుష్యం తగ్గుతుందని అనుకుంటారు, నిజానికి తగ్గించేది మీథేన్‌ను కాల్చడం. వందేళ్ల లెక్కన మీథేన్ కార్బన్ డయాక్సైడ్‌కన్నా సుమారు 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కన 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. దాన్ని కాలిస్తే ఆ కార్బన్ తిరిగి కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. అది నిన్నమొన్నటి మొక్కల నుంచి వచ్చిన కార్బనే కాబట్టి కొత్త భారం కాదు. మీ గుట్టలో పట్టగలిగే 30 శాతం ఏడాదికి దాదాపు 375 టన్నుల మీథేన్ అవుతుంది. దాన్ని కాల్చడం వల్ల సుమారు 10,500 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారం తప్పుతుంది. అదే మీథేన్‌తో ఏడాదికి 17 లక్షల యూనిట్ల దాకా కరెంటు తీసి, బొగ్గు ఎక్కువగా ఉన్న మన గ్రిడ్‌లో అంత కరెంటును తప్పించారనుకుంటే అదనంగా కలిసివచ్చేది 1,200 టన్నులు. అంటే ప్రయోజనంలో తొమ్మిది వంతులు మంట పెట్టడంలోనే ఉంది, ఒక వంతు మాత్రమే కరెంటులో ఉంది. ఇంజిన్ ఆగిపోయిన రోజున కూడా మంట ఆగకూడదు. ఫ్లేర్ (గ్యాసును కాల్చేసే బర్నర్) లేకుండా ఇంజిన్ మాత్రమే చూపించే ప్రతిపాదనను నేను అక్కడికక్కడే పక్కన పెడతాను.

ఇక బావుల విషయం. అందరూ ఇంజిన్ బ్రాండు గురించి అడుగుతారు గానీ పథకం బతికేదీ చచ్చేదీ బావుల దగ్గరే, గుట్ట మీద వేసిన కప్పు దగ్గరే. సాధారణంగా 60 నుంచి 90 సెంటీమీటర్ల వెడల్పు బోరు వేసి, కింది భాగమంతా రంధ్రాలున్న హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు దించి, చుట్టూ కంకర నింపి, పైన గాలి చొరబడకుండా బెంటొనైట్ బంకమట్టితో బిగిస్తారు. ఈ పైపులన్నింటినీ ఒక పెద్ద గొట్టానికి కలిపి బ్లోయర్‌తో మెల్లగా పీలుస్తారు. వినడానికి ఇంతే. కానీ గ్యాసు బయటికి వచ్చేసరికి వెచ్చగా, తడితో నిండి ఉంటుంది. గొట్టంలో చల్లబడి నీరు దిగుతుంది. చెత్త కుంగుతూ ఉంటుంది కాబట్టి వాలుగా వేసిన గొట్టం ఏడాది తిరిగేసరికి నడుమ వంగి ఆ వంపులో నీళ్లు నిలుస్తాయి, దాని అవతల ఉన్న బావులన్నీ మూగబోతాయి. గుట్ట మీద పని చేసేవాళ్ల రోజులో సగం ఆ నీళ్ల వంపులను వెతికి సరిచేయడంలోనే గడిచిపోతుంది.

చెత్త ఊట, అంటే చెత్తలోంచి ఊరే నల్లని మురికి నీరు, దీనికన్నా పెద్ద సమస్య. మన గుట్టల్లో ప్లాస్టిక్ కవర్లు పొరలు పొరలుగా అణిగి ఉండడంతో వాన నీరు అడుగుకు దిగక మధ్యలోనే గుంటలు కట్టి నిలుస్తుంది. నేను పనిచేసిన ఒక నగరపు గుట్టలో 22 బావులు ఉండేవి. ఒక వర్షాకాలంలో రెండు పెద్ద వానల తర్వాత వాటిలో 14 బావుల్లో ఊట రంధ్రాల పైదాకా వచ్చేసింది. వచ్చే గ్యాసు సగానికన్నా తగ్గింది. ప్రాజెక్టు అంచనాలో ఊట తోడే పంపుల ఖర్చు ఒక్క రూపాయి కూడా రాసి లేదు. గాలి ఒత్తిడితో నడిచే పంపులు తెప్పించి, తోడిన ఊటను శుద్ధి చేసే ఏర్పాటు చూసేసరికి మరుసటి ఏడాది వానలు వచ్చాయి. గోదావరి జిల్లాల వానలకు మీ గుట్టలో ఇది జరగదని ఎవరైనా అంటే, జూలై తర్వాత ఒకసారి గుట్ట పాదం చుట్టూ నడిచి నల్లని ఊట ఎన్ని చోట్ల కారుతోందో చూసి రమ్మని అడగండి.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పొరపాటు ఎక్కువ పీల్చడం. మరో చోట కరెంటు తక్కువ వస్తోందని పైవారు ఒత్తిడి చేయడంతో ఆపరేటరు బావుల వాల్వులు మరింత తెరిచాడు. రెండు రోజులు కరెంటు పెరిగింది. మూడో వారానికి మీథేన్ 52 శాతం నుంచి 38కి పడిపోయింది, ఆక్సిజన్ పెరిగింది, ఒక బావి తల దగ్గర ఉష్ణోగ్రత 68 డిగ్రీలు చూపించింది. పీల్పుకు కప్పు లేని పక్కల నుంచి గాలి లోపలికి చొరబడి, గుట్ట కడుపులో నిప్పు రాజుకుంది. పైకి మంట కనిపించదు, నేల కుంగుతుంది, సన్నటి పొగ వస్తుంది, వాయువులో కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. ఇలాంటప్పుడు అందరికీ మొదట తోచేది ఫైరింజన్‌ను పిలిచి నీళ్లు కొట్టించడం. లోపలి నిప్పుకు పైనుంచి కొట్టే నీరు అందదు, పైగా ఊటను పెంచుతుంది. ఆ వైపు బావులు మూసి, పగుళ్ల మీద మట్టి మందంగా కప్పి, గాలి ఆడకుండా చేయడమే మేము చేసిన పని. చల్లారడానికి మూడు నెలలు పట్టింది. బావి దగ్గర 55 డిగ్రీలు దాటితే ఆరా తీయాలన్నది అప్పటినుంచి నేను ఎక్కడికి వెళ్లినా గోడ మీద రాయించే మొదటి నియమం.

ఇంజిన్ కష్టాల గురించి క్లుప్తంగా చెబుతాను. షాంపూలు, క్రీములు, సౌందర్య సాధనాల నుంచి వచ్చే సిలాక్సేన్లు అనే సిలికాన్ రసాయనాలు ఇంజిన్‌లో కాలి తెల్లటి ఇసుక పొడిలా స్పార్క్ ప్లగ్గుల మీద, సిలిండర్ తలల మీద పేరుకుంటాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ నూనెను పాడు చేసి లోహాన్ని తింటుంది. భవన శిథిలాలు, జిప్సం సీలింగు ముక్కలు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ చెత్తలో కలిస్తే ఈ వాయువు మరీ పెరుగుతుంది. వినాయక చవితి తర్వాత తేలిన విగ్రహాల ముక్కలన్నీ తెచ్చి గుట్ట మీదే పోసే పట్టణాలు నాకు తెలుసు. వీటిని వడకట్టే పరికరాలు ఉన్నాయి, కానీ 200 కిలోవాట్ల ఆదాయం వాటి నిర్వహణను మోయలేదు.

అయితే ఈ పద్ధతి ఎక్కడ విజయవంతమైంది? లాస్ ఏంజిలెస్ దగ్గరి ప్వెంటే హిల్స్‌లో 1980ల నుంచి గ్యాసుతో దాదాపు 50 మెగావాట్ల ప్లాంటు నడిచింది. దక్షిణ కొరియాలో ఇంచియోన్ దగ్గరి సుడోక్వాన్‌లో కూడా 50 మెగావాట్ల ఆవిరి టర్బైన్ పెట్టారు. అమెరికాలో 1994లో ఇందుకోసమే ఒక ప్రభుత్వ కార్యక్రమం మొదలైంది, అక్కడ ఇప్పుడు ఇలాంటి ప్రాజెక్టులు 500కు పైగా ఉన్నాయి. కానీ ప్వెంటే హిల్స్ ఒక పూర్తి లోయను నింపిన గుట్ట, సుడోక్వాన్‌ది సియోల్ మహానగర ప్రాంతం మొత్తం చెత్త. రెండు చోట్లా చెత్తను పొరలుగా అణిచి, ఏ రోజుకా రోజు మట్టి కప్పి, బావుల వ్యవస్థను గుట్టతో పాటే పెంచుకుంటూ వచ్చారు. మనం ఇరవై ఏళ్లు ట్రాక్టర్లతో తెచ్చి కుమ్మరించిన తర్వాత బోరు వేసి అదే ఫలితం రావాలంటే ఎలా వస్తుంది?

మన దేశంలో అందరూ చెప్పుకునే ఉదాహరణ ముంబైలోని గోరాయ్. 1972 నుంచి చెత్త పోసిన, 20 హెక్టార్లకు కాస్త తక్కువ విస్తీర్ణమున్న ఆ డంపింగ్ మైదానాన్ని 2007లో ఆపి, చదును చేసి, పైన పొరలు పరిచి, బావులు వేసి గ్యాసును కాల్చే ఏర్పాటు చేశారు. తగ్గించిన ఉద్గారాలకు బదులుగా దొరికే కార్బన్ క్రెడిట్ల అమ్మకం మీద ఆధారపడిన పథకం అది. గుట్టను మూయడం వరకు అది మంచి పని. అక్కడి ప్రజలకు దుర్వాసన పోయింది, ఊట అదుపులోకి వచ్చింది. గ్యాసు మాత్రం కాగితం మీద రాసుకున్నంత రాలేదు. ఇది గోరాయ్ ఒక్కదాని కథ కాదు. ఉద్గారాల తగ్గింపు కోసం కుదిరిన క్యోటో ఒప్పందం కింద ప్రపంచవ్యాప్తంగా నమోదైన చెత్త గుట్టల మీథేన్ పథకాల్లో చాలావాటికి అసలు దిగుబడి అంచనాల్లో సగం కూడా రాలేదు. ఎక్కడ చూసినా కారణాలు ఇవే: కప్పు సరిగా లేకపోవడం, బావుల్లో ఊట, త్వరగా కుళ్ళిపోయిన చెత్త.

హైదరాబాద్ జవహర్‌నగర్‌ను చూపించి, అక్కడ చెత్త నుంచి కరెంటు వస్తోంది కదా అని మీరు అడగవచ్చు. అక్కడ రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయి, వాటిని కలిపి చెప్పే ప్రతిపాదనలు నేను చాలా చూశాను. 19.8 మెగావాట్లతో మొదలై తర్వాత 24 మెగావాట్లకు పెరిగిన అక్కడి ప్లాంటు, కాలే స్వభావమున్న పొడి చెత్తను బాయిలర్‌లో కాల్చి ఆవిరితో టర్బైన్ తిప్పుతుంది. దానికీ మీథేన్ బావులకూ సంబంధం లేదు. విశాఖ దగ్గర కాపులుప్పాడలో ఉన్నదీ కాల్చే ప్లాంటే. జవహర్‌నగర్‌లో రెండోది, కోటి టన్నులకు పైబడిన పాత గుట్టను తవ్వడం అసాధ్యమని పైన కప్పు వేసి మూయడం. అలాంటి భారీ గుట్టను కప్పినప్పుడు గ్యాసు పట్టడం అర్థవంతమైన పని, నిజానికి తప్పనిసరి కూడా. మీ గుట్ట, నా లెక్కలో, తొమ్మిది లక్షల టన్నులకు మించదు. అది తవ్వగలిగిన గుట్ట.

ఇక్కడే మీ కౌన్సిల్ ముందున్న అసలు ప్రశ్న ఉంది. గ్యాసు బావులూ బయోమైనింగూ ఒకే గుట్ట మీద కలిసి నడవవు. 2021లో మొదలైన స్వచ్ఛ భారత్ పట్టణ మిషన్ రెండో దశలో పాత గుట్టలను తవ్వి తొలగించడానికి కేంద్రం సాయం చేస్తోంది. బయోమైనింగ్‌లో గుట్టను మెట్లుగా కోసి, కుప్పలుగా పేర్చి, గాలి తగిలేలా మూడు నాలుగు సార్లు తిరగేస్తారు. గాలి తగిలిన క్షణం నుంచి మీథేన్ పుట్టించే సూక్ష్మజీవుల పని ఆగిపోతుంది. ఆ తర్వాత జల్లెడ పట్టి మట్టి, ప్లాస్టిక్, రాళ్లు వేరు చేస్తారు. పదిహేనేళ్లకు గ్యాసు హక్కులు రాసిచ్చిన గుట్టను మీరు మళ్లీ ముట్టుకోలేరు. స్థలం తిరిగి రాదు, కేంద్ర సాయం పోతుంది, కాలనీవాళ్లకు గుట్ట అలాగే ఉంటుంది. స్థలం ఇస్తే చాలు, పెట్టుబడి అంతా మాదే అనే ప్రతిపాదనలో మున్సిపాలిటీ నష్టపోయేది డబ్బు కాదు, ఈ నిర్ణయాధికారం.

ఇంజిన్ వద్దంటే మరి మీథేన్ మాటేమిటి అంటారా? రేపు పుట్టబోయే మీథేన్‌ను ఆపడం చాలా తేలిక. మీ 120 టన్నుల్లో తడి చెత్త సగానికి పైనే ఉంటుంది, అందులో 50 టన్నులు వేరుగా చేతికి వస్తుందనుకుందాం. ఇందౌర్‌లో 2022 ఫిబ్రవరిలో ప్రారంభించిన ప్లాంటు రోజుకు 550 టన్నుల తడి చెత్త నుంచి 17 టన్నుల దాకా బయో సీఎన్‌జీ (శుద్ధి చేసి వాహనాలకు వాడే మీథేన్) తీయడానికి కట్టింది. అదే నిష్పత్తిలో మీ 50 టన్నులు రోజుకు ఒకటిన్నర టన్ను ఇంధనం ఇస్తాయి. అది గంటకు 85 ఘనపు మీటర్ల మీథేన్‌తో సమానం. ఇరవై ఏళ్ల గుట్టనంతా తొలిచి పట్టగలిగే 60 కన్నా ఇది ఎక్కువ. పైగా ఏళ్ల తరబడి కాకుండా నెల రోజుల లోపే, మూసిన ట్యాంకులో, దాదాపు మొత్తం చేతికి వస్తుంది. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు పెట్టుకున్న ఉద్దేశమూ ఇదే: కుళ్ళే చెత్తను శుద్ధి చేయాలి, పాతిపెట్టే చోటికి వేరే ఏ ఉపయోగమూ లేనిదే వెళ్లాలి.

ఇందులో ఒక మెలిక ఉంది, దాన్ని దాచను. ఇందౌర్‌లో ఇది నడవడానికి కారణం యంత్రం కాదు, ఇంటి దగ్గరే చెత్త వేరు కావడం. మా బృందం చూసిన ఒక పట్టణంలో చిన్న బయోగ్యాస్ యూనిట్‌కు వచ్చిన తడి చెత్తలో కొబ్బరి పీచు, బట్టలు, శానిటరీ ప్యాడ్లు, గాజు ముక్కలు ఉండేవి. నాలుగు నెలల్లో కలిపే పరికరం విరిగి, యూనిట్ మూలన పడింది. కాబట్టి మొదట హోటళ్లు, కూరగాయల మార్కెట్లు, కల్యాణ మండపాలు, రైతుబజారు నుంచి వచ్చే పది పదిహేను టన్నులతో మొదలుపెట్టండి. అక్కడ చెత్త ఎలాగూ వేరుగానే దొరుకుతుంది. ఇళ్ల చెత్తను అలవాటు పడేకొద్దీ కలుపుకోండి.

పాత గుట్ట తవ్వకం పూర్తి కావడానికి రెండు మూడేళ్లు పట్టవచ్చు. ఈలోపు కాలనీ భద్రత గురించి నాకు నిజంగా ఆందోళన ఉంది, ఎందుకంటే మీ ప్రశ్నలో ఆ విషయం ఒక్క వాక్యంలో దాటిపోయింది. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. దానికి వాసన లేదు. గుట్ట దగ్గర వచ్చే దుర్వాసన వేరే వాయువులది, కాబట్టి వాసన రావడం లేదు కనుక గ్యాసు లేదనుకోవడానికి వీల్లేదు. 1986 మార్చిలో ఇంగ్లండ్‌లోని లోస్కో అనే ఊళ్లో, మూసేసిన చెత్త గుంత నుంచి నేలలో పక్కకు పాకిన గ్యాసు ఒక ఇంటి కింద చేరి పేలి ఇల్లు నేలమట్టమైంది, ముగ్గురు గాయపడ్డారు. ఆ రాత్రి వాతావరణ పీడనం కొద్ది గంటల్లో బాగా పడిపోవడంతో నేలలోని గ్యాసు ఒక్కసారిగా బయటికి వచ్చిందని దర్యాప్తులో తేలింది. వాయుగుండం వచ్చినప్పుడల్లా పీడనం పడిపోయే తీరప్రాంతం మనది.

అందువల్ల గ్యాసు బయటికి పోయే దారి చూపకుండా గుట్ట మీద కప్పు మాత్రం వేయకండి. అందంగా ఉంటుందని మట్టి పరిచి గడ్డి పెంచిన ఒక చోట, ఏడాది తర్వాత పక్క పొలంలోని మోటారు గుంతలో మా మీటరు మీథేన్ చూపించింది. పైకి పోయే దారి మూసుకుపోవడంతో గ్యాసు పక్కకు తిరిగింది. ఆ రైతు రోజూ ఆ గుంతలోకి దిగి స్విచ్ వేసేవాడు. మీరు కాలనీ వైపు గుట్ట అంచున కంకర నింపిన లోతైన కందకం తవ్వించండి. అందులో రంధ్రాల పైపులు నిలబెడితే గ్యాసు అక్కడే పైకి లేచిపోతుంది. కందకానికీ ఇళ్లకూ మధ్య నాలుగైదు పరీక్ష గొట్టాలు పెట్టి వారానికొకసారి, తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు రోజూ కొలిపించండి. పేలుడు ప్రమాదపు కనీస పరిమితిలో 25 శాతానికి, అంటే గాలిలో 1.25 శాతానికి మీథేన్ మించకూడదని 2016 నాటి మన నిబంధనలే చెప్పాయి. తవ్వకం మొదలుపెట్టేదీ కాలనీకి దూరంగా ఉన్న వైపు నుంచే అయితే మంచిది.

తవ్వేటప్పుడు జల్లెడ పట్టగా వచ్చే మెత్తని మట్టికి ఒక మంచి ఉపయోగం ఉంది. దానితో బాగా మాగిన కంపోస్టు కలిపి, ఇంకా తవ్వని భాగం మీద మీటరు మందాన వదులుగా పరిస్తే, అందులో పెరిగే సూక్ష్మజీవులు కింది నుంచి వచ్చే మీథేన్‌ను తినేస్తాయి. పలచగా వచ్చే గ్యాసుకు ఇంజిన్‌కన్నా, ఫ్లేర్‌కన్నా ఇదే చవక. గట్టిగా అణచకూడదు, వేసవిలో ఎండి నెర్రెలు విడవకుండా తడి చూసుకోవాలి. ఆ మట్టిలో భార లోహాలు ఉండే అవకాశం ఉంది కనుక పొలాలకు మాత్రం పరీక్షించకుండా ఇవ్వకండి.

చివరగా, మీ దగ్గరికి వచ్చిన సంస్థను ఏమి అడగాలన్నారు. మొదటిది, పరీక్ష బావులు వేశారా? మూడు నుంచి అయిదు బావులు వేసి, కనీసం నాలుగు వారాలు ఆపకుండా పీల్చి, మీథేన్, ఆక్సిజన్, ప్రవాహం రోజూ రాసిన పట్టిక లేకుండా మెగావాట్ల మాట ఎత్తడానికి వీల్లేదు. ఆ పరీక్ష వేసవిలో చేసి ఉంటే వానాకాలంలో మళ్లీ చేయమనండి. రెండోది, వాళ్ల నమూనాలో అర్ధాయువు ఎన్నేళ్లు పెట్టారు, టన్నుకు మీథేన్ ఎంత పెట్టారు? టన్నుకు 40 ఘనపు మీటర్లకన్నా బాగా ఎక్కువ పెట్టి ఉంటే ఆ సంఖ్య ఎక్కడిదో చూపమనండి. మూడోది, ఊట తోడే పంపులకు, దాని శుద్ధికి, సిలాక్సేన్ల వడపోతకు ఖర్చు ఎక్కడ రాశారు? నాలుగోది, ఇంజిన్ ఆగినప్పుడు గ్యాసు ఎక్కడికి పోతుంది? అయిదోదాన్ని మీ న్యాయ సలహాదారు చేత రాయించండి: గ్యాసు వాళ్లు చెప్పిన దానిలో సగానికి పడిపోతే, గుట్ట మీద హక్కు ఎన్ని నెలల్లో, ఎవరి ఖర్చుతో మున్సిపాలిటీకి తిరిగి వస్తుంది?

నిజాయితీగల సంస్థ అయితే మొదటి ప్రశ్నకే, ముందు పరీక్ష బావులు వేసి ఆ తర్వాత మాట్లాడతామంటుంది. అలా అన్నా ఆ పరీక్ష ఖర్చు వాళ్లదే కావాలి, కొలతల పట్టిక నకలు మీ ఇంజినీరింగ్ విభాగం దగ్గర ఉండాలి. ఇంజిన్ రాకపోయినా, ఆ కొలతల్లో కాలనీ వైపు బావుల అంకెలు మీ కందకం ఎంత లోతు తవ్వాలో చెబుతాయి.